ఎర్రగీత మీద ముల్లు

పొద్దున్నే, ఆగిపోయిన కార్లను లాక్కెళ్లే మా టోయింగ్ బండి కడగడం నా పని. ఈ ఇంట్లో ఏ పని ఎవరిదని ఎవరూ కూర్చుని పంచలేదు. వాకిలి ఊడ్చే చేతికే బకెట్ కూడా అందింది. నడిరోడ్డున కారు ఆగిపోయినవాళ్లు ఫోన్ చేస్తే అన్నం కలుపుతున్న చేయి కడుక్కుని అడ్రసు కనుక్కునేదీ నేనే. అయినా ఎవరైనా అడిగితే నా భర్త భానుప్రకాశ్ "మా ఆమె ఏం జెయ్యది, ఇంట్లనే ఉంటది" అంటాడు. ఆమధ్య బైకు మీంచి పడి ఆయన కాలు విరిగాక బండి స్టీరింగ్ నా చేతికొచ్చింది. మా పుట్టింటి ఊరు రావల్‌కోల్‌లో మా నాయిన ట్రాక్టర్ మీద నేర్చుకున్న డ్రైవింగూ, పట్టుబట్టి తెచ్చుకున్న పెద్దబండి లైసెన్సూ ఇన్నాళ్లకు అక్కరకొచ్చాయి. నిజం చెప్పొద్దూ, ఆ సీట్లో కూర్చుంటే నాకు ఎంత సంతోషమో! దిక్కుతోచక రోడ్డు పక్కన నిలబడ్డ మనిషి నేను హుక్కు తగిలించగానే హమ్మయ్య అనుకోవడం చూస్తే వంటింట్లో ఎన్నడూ రాని తృప్తి కలిగేది.

మాది గేర్లు వాటంతటవే మారే పాత బండి. గేర్‌బాక్స్ ఎంత వేడెక్కిందో చూపించే ముల్లు స్టీరింగ్ వెనకాల ఉంటుంది. పోయిన వారం మేడ్చల్ నుంచి శామీర్‌పేటకు వస్తుంటే బండి ఒక గుంతలో ఎగిరింది. ఆ ముల్లు కూడా ఎగిరి ఎర్రగీత మీద కూర్చుంది. కాసేపటికి దిగి, ఇంకో గుంతలో మళ్లీ ఎక్కింది. నిన్నటి నుంచి దిగడమే మానేసింది. "గేర్‌బాక్స్ కాల్చినవ్ గదనే," అన్నాడు భానుప్రకాశ్. "బరువు గుంజేటప్పుడు రేస్ మీద కాలు తియ్యమంటె ఇంటవా? ఆడోళ్ల చేతికిస్తె గింతే." వేడైతే మెల్లగా ఎక్కుతుంది, మెల్లగా దిగుతుంది, ఇలా గెంతదు కదా అన్నాను. "మీటర్ అబద్ధమాడుతదా? నువ్వు ఆడుతవ్ గని," అన్నాడు. అబద్ధమాడతావన్నందుకు కాదు నాకు బాధ. అగ్గిపుల్లంత ముల్లుకున్న విలువ కూడా నా మాటకు లేకపోయింది. పాత బండ్లు కొనే మధుసూదన్‌కు ఫోన్ చేసి ఈ పొద్దున రమ్మన్నాడు. కాలు నయమయ్యాక ఇంకో బండి చూసుకుంటాడట. "అప్పటిదాక నువ్వు ఇంట్ల రెస్ట్ తీస్కో," అన్నాడు. ఈ ఇంట్లో నా రెస్టు ఎలా ఉంటుందో నాకు తెలియదా! బండి పోతే నా సీటూ పోతుంది. నడుపుతానని అడగడానికి కూడా ఏమీ మిగలదు.

"పోయేదాన్ని ఎందుకు కడుగుతున్నవ్ బిడ్డా?" అంది మా అత్త బాలనర్సమ్మ, చాయ్ గ్లాసుతో దగ్గరికొస్తూ. శామీర్‌పేట చెరువు చేపల్ని గంపకెత్తుకుని అల్వాల్ గల్లీగల్లీ తిరిగి అమ్మి, ఒంటిచేత్తో కొడుకుని పెంచిన మనిషి ఆమె. కొత్త కోడలిగా వచ్చినప్పుడు ఆమె గొంతు వింటే భయమేసేది. ఇప్పుడు ఆ గొంతంటేనే ఇష్టం. చివరిసారి అద్దాలు తుడుద్దామని వైపర్ కోసం తాళం తిప్పాను. ఇంజన్ స్టార్ట్ చేయలేదు. అత్త తల లోపలికి పెట్టి చూసింది.

"గదేనా ఆ ముల్లు? బండి ఎప్పటిసంది ఆగున్నది?"

"నిన్న మాపటి నుంచి అత్తమ్మా."

"మరి పొయ్యి ముట్టియ్యకముందే గిన్నె ఎట్ల కాలుతది?"

గ్లాసు బానెట్ మీద పెట్టి, చీర కుచ్చిళ్లు దోపుకుని, బండి కిందికి వంగి గేర్‌బాక్స్ మీద అరచేయి ఆనించింది. "సల్లగున్నది. అమ్మేటోడు సచ్చిన చేపను గుడ తాజాదే అంటడు. మనం మొప్ప ఎత్తి సూడాలె."

రోజూ స్టార్ట్ చేశాకే ముల్లు చూస్తున్న నాకు ఈ సంగతి తట్టనేలేదు. గేర్‌బాక్స్ నూనె చూసే పుల్ల బయటికి లాగాను. నూనె ఎర్రగా, తేటగా ఉంది. అత్త వాసన చూసి "మాడలే" అంది. గోనెసంచి పరిచి ఇద్దరం కిందికి దూరాం. వేడిని కొలిచే సెన్సర్ గేర్‌బాక్స్‌కే ఉంటుంది. దాని వైరు ఊడదీసి, పైకెక్కి చూశాను. ముల్లు కదల్లేదు. అంటే తప్పు గేర్‌బాక్స్‌దీ కాదు, సెన్సర్‌దీ కాదు, మధ్యలో వైరుదే. మళ్లీ కిందికి దూరి వైరును వేళ్లతో తడుముకుంటూ పోయాను. ఒకచోట బైండింగ్ వైరు తగిలింది. ఎవరో పట్టకారుతో మెలితిప్పి, సెన్సర్ వైరుతో కలిపి ఒక పాత చెప్పును చట్రానికి బిగించారు. రాపిడికి సెన్సర్ వైరు తోలు ఊడి, రాగితీగ ఇనుముకు తగులుతోంది. "అత్తమ్మా, ముల్లును సూస్తుండు," అని, ఆమె సీటెక్కాక వైరును ఎడంగా లాగాను.

"పడ్డదే! కిందికి పడ్డదే!" అని అరిచింది అత్త, చిన్నపిల్లలా చప్పట్లు కొడుతూ. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

వైరుకు టేపు చుట్టి, సెన్సర్‌కు తగిలించి, చెప్పు తెచ్చి భానుప్రకాశ్ మంచం ముందు పెట్టాను. "కాలు విరగకముందు దిష్టికి కట్టిన," అన్నాడు నేల చూస్తూ. "బయటికి కడితె కాలనీలోళ్లు నవ్వుతరని లోపల కట్టిన." అత్త చెప్పును తిప్పి చూసింది. పట్టీ తెగినచోట పిన్నీసు తుప్పుపట్టి అలాగే ఉంది. "గిది నాదేరా. గంపెత్తుకొని అల్వాల్ అంతా తిరిగిన చెప్పు," అంది.

అప్పుడే మధుసూదన్ వచ్చాడు. నా ఫోన్ కూడా మోగింది. కీసర దారిలో ఎవరిదో కారు ఆగిపోయిందట. బండి లేదని చెప్పమన్నట్టు భానుప్రకాశ్ చేయి ఊపాడు.

"వస్తున్న," అన్నాను ఫోన్‌లో. పెట్టేసి, "బండి అమ్ముతలేం అన్నా, మంచిగనే ఉన్నది," అన్నాను మధుసూదన్‌తో.

మధుసూదన్ తలూపి వెళ్లిపోయాడు. భానుప్రకాశ్ మంచం మీంచే, "పోతె పో. గని ఆ చెప్పు మళ్ల కట్టు, దిష్టి తగుల్తది," అన్నాడు.

"కడతది," అంది అత్త. "గని ఈసారి ముంగట కడతది, అందరికి కనవడేటట్టు. నా చెప్పంటె నీకు సిగ్గేందిరా?"

ఆమె చీర అంచు చింపి ఇచ్చింది. ఆ పేలికతోనే ముందు బంపర్‌కు గట్టిగా కట్టాను. అత్త నా పక్క సీట్లోకెక్కింది. వంటెవరు చేస్తారని వెనకనుంచి వినిపించింది గానీ, ఇద్దరం వెనక్కి తిరగలేదు.

కీసర దారిలో కారుకు హుక్కు తగిలిస్తుంటే, కారాయన బంపర్ వైపు చూసి నవ్వాడు. "ఎవరిదమ్మా ఆ చెప్పు?"

"మా అత్తది," అన్నాను. "ఆమె ఎన్ని గల్లీలు తిరిగిందో అడగండి, చెప్తది."