ఏడో నంబరు తోళ్ళు

"ఆ బీన్సు తర్వాత తరుగుదువుగాని, ముందు వీటి మీద ఓ చెయ్యెయ్యి," అంటూ భర్త సంచి దులిపాడు. అప్పుడే తుడిచిన బల్ల మీద పన్నెండు మేకతోళ్ళు పరుచుకున్నాయి. ఆమె చేతులు కడుక్కుని, ఒకటికి రెండుసార్లు తుడుచుకుంది. తోలుకి తడి తగలకూడదు. బీన్సుకి ఆ మర్యాద అక్కర్లేదు.

విదేశాలకి తోలు గ్లవ్స్ పంపే కంపెనీలో అతను గ్రేడరు. ఏ తోలు మొదటి రకమో, ఏది రెండో రకమో తేల్చడం అతని పని. అదే కంపెనీలో ఆమె కుట్టుమిషను మీద పనిచేస్తుంది. అతనికి ఎటూ తేలని తోళ్ళని, ఇంట్లో ప్రశాంతంగా చూస్తానని మేనేజరుకి చెప్పి, రోజూ సాయంత్రం తెస్తాడు. ప్రశాంతంగా టీవీ చూస్తాడు. తోళ్ళు ఆమె చూస్తుంది.

నునుపు వైపు లోపలికి వచ్చేలా మడిచి, ముడతలు చూస్తుంది. సన్నగా పడితే మొదటి రకం. లావుగా పొంగాయా, ఆ తోలు వదులు, నెల తిరక్కుండా వేళ్ళ దగ్గర సాగిపోతుంది. తేలాక వెనక్కి తిప్పి సుద్దతో రకం, దాని కింద గ్రేడరు నంబరు రాస్తుంది. అతని నంబరు 7. ఆమె మాత్రం దాని నడుముకి ఒక అడ్డగీత పెడుతుంది. ఒకటిలా కనిపిస్తోందని చిన్నప్పుడు లెక్కల టీచరు నేర్పిన అలవాటు అది.

"నీకు ఊరికే తెలిసిపోతుందిలే," అంటాడు ప్రతిసారీ. ఊరికేనట. పదేళ్ళు ఆమె సూది కింద ఎన్ని వేల తోళ్ళు వెళ్ళాయో, ఏది సూదికి ఎదురు తిరిగిందో, ఏది మెత్తగా లొంగి తర్వాత మోసం చేసిందో వేళ్ళన్నీ గుర్తుపెట్టుకున్నాయి. అది ఊరికే రాలేదు. "వాడు పొద్దస్తమానం నిలబడి వస్తాడు, ఆ కాస్త సాయం చేస్తే అరిగిపోతావా?" అని అత్తగారి వంత. కంపెనీలోనూ ఇదే పాట. గ్రేడింగు నిలబడి చేసే పని, ఆడవాళ్ళ వల్ల కాదని ఆ గదిలోకి ఒక్కరినీ తీసుకోలేదు. తెల్లారి ఐదింటి నుంచి పొయ్యి దగ్గర తను కూర్చుని ఊయల ఊగుతున్నట్టు. ఒళ్ళు మండేది. ఆ మంట మీదే వంట కూడా అయిపోయేది.

ఈలోగా కంపెనీకే కష్టం వచ్చిపడింది. ఆ వీధిలో తోలు కంపెనీలు అప్పటికే మూడు మూతపడ్డాయి. కొనేవాళ్ళు కొందరు ప్లాస్టిక్ తోలు చాలంటున్నారు, కొందరు రంగునీళ్ళు ఎక్కడికి వదులుతున్నారో కాగితాలు చూపించమంటున్నారు. మిగిలిన ఒక్క పెద్ద కొనుగోలుదారు గ్లవ్స్ సాగిపోతున్నాయని ఆరు పెట్టెలు తిప్పి పంపాడు. గ్రేడింగు బాగుపడితే మూడేళ్ళ ఆర్డరు ఇస్తానన్నాడు. దాంతో మేనేజరు ఇద్దరు కొత్త గ్రేడర్లని తీసుకుంటానని, పరీక్షకి ఎవరైనా రావచ్చని బోర్డు మీద రాయించాడు.

"నీకెందుకది? నేనున్నాగా అక్కడ," అన్నాడు భర్త.

అందుకే, అనుకుంది. మర్నాడు వెళ్ళి పేరు ఇచ్చేసింది.

గ్రేడింగు గదిలో పరీక్ష. ఒక్కొక్కరికీ పది తోళ్ళు, వాటి మీద వేయడానికి కాగితం మీద రాసిచ్చిన ఒక కొత్త నంబరు. ఆమెది 19. పక్కనే భర్త, చేతులు కట్టుకుని గోడకి ఆనుకున్నాడు. అతని వైపు చూడకూడదని అనుకుంది. అరచేతుల చెమట కొంగుకి తుడుచుకుంది. మడిచింది, చూసింది, తిప్పింది, రాసింది. అరగంటలో అయిపోయింది.

మేనేజరు తోళ్ళు ఒక్కొక్కటీ తిప్పి చూశాడు. "ఈ ఏడేమిటమ్మా?"

ఆమె అప్పుడు చూసుకుంది. పది తోళ్ళ మీదా అడ్డగీత పెట్టిన ఏడే. ఆరేళ్ళ అలవాటు చేతిని వదల్లేదు.

భర్త గొంతు సవరించుకున్నాడు. "ఇంట్లో నా తోళ్ళకి నంబర్లు వేసిపెడుతుంటుంది సార్. రాతపని, అంతే."

మేనేజరు అతనివైపు చూడలేదు. ప్రతి పెట్టె పేరిట కత్తిరించగా మిగిలిన ముక్కలు, వెనకాల సుద్దరాతతో సహా, ఆ గదిలోనే దాచడం ఆనవాయితీ. "తిరిగొచ్చిన ఆరు పెట్టెల ముక్కలూ తీసి చూశాను. అన్నీ గీతలేని ఏడు. గీత ఉన్న ఏడు ఒక్కటీ తిరిగి రాలేదు," అని, అప్పుడు భర్త వైపు తిరిగాడు. "నువ్వు తొందరలో గీత మర్చిపోతున్నావనుకున్నానయ్యా."

భర్త ఆమె వైపు చూశాడు. అవును సార్, రాతపనే అంటే సరిపోతుంది. అతని పరువు నిలుస్తుంది, ఇల్లు సర్దుకుంటుంది, తను మళ్ళీ మిషను దగ్గరికి వెళ్ళిపోవచ్చు. అది ఎంత సులువో ఆమెకి తెలుసు. ఇన్నేళ్ళూ అదే చేసింది.

"రాతపని కాదు సార్. చూసింది నేనే. ఆరేళ్ళుగా ఆ సంచిలో వచ్చే తోళ్ళన్నీ నేనే చూస్తున్నాను."

"పదికి పది సరిపోయాయి. సోమవారం నుంచి ఈ గదికి రామ్మా. నంబరు పంతొమ్మిదే రాయి," అన్నాడు మేనేజరు.

"నలుగురిలో మొగుడి పరువు తీసొచ్చావన్నమాట," అంది అత్తగారు ఆ సాయంత్రం. తప్పు చేసినట్టు అనిపిస్తుందేమోనని ఆమె కాసేపు చూసింది. అనిపించలేదు. ఆకలి మాత్రం బాగా వేసింది. వడ్డించుకుని, ముందు తనే తినేసింది.

భర్త రెండు రోజులు మూతి ముడుచుకుని తిరిగాడు. ఆదివారం సాయంత్రం ఇక ఉండబట్టలేక వచ్చి పక్కన కూర్చున్నాడు. ఒక తోలు తెచ్చి ఒళ్ళో పెట్టుకున్నాడు. మడిచాడు, విప్పాడు, మళ్ళీ మడిచాడు.

"నాకు నిజంగా తెలియడం లేదే," అన్నాడు మెల్లగా. "ఇప్పుడు నా సంగతేమిటి?"

అతని గొంతులో ఆ నిజం వినడం ఆమెకి కొత్త. జాలేసింది, కాస్త ప్రేమ కూడా కలిగింది.

"నేర్పుతాను," అంది.

అతని మొహం విచ్చుకుంది. గబగబా బల్ల మీది గిన్నెలు పక్కకి జరపబోయాడు.

"ఇక్కడ కాదు," అందామె. "కంపెనీలో. పనిగంటల్లో."