మూడు వేళ్ల తిమ్మిరి

ఆ దారిలో అందరూ అతన్ని దోమ అనే పిలిచేవారు. పొద్దున్నే మోటార్‌సైకిలెక్కి పద్నాలుగు చిన్న క్లినిక్‌లు తిరిగి, అక్కడ తీసి ఉంచిన రక్తం సీసాలన్నీ పెట్టెలో వేసుకుని, సాయంత్రానికి పెద్ద ల్యాబుకి చేర్చడం అతని పని. "దోమొచ్చింది, రక్తం రెడీయేనా?" అని నర్సులు ఒకళ్లనొకళ్లు కేకేసుకునేవారు. అతనూ నవ్వేవాడు. నలభై మూడేళ్ల మనిషి. మంచివాడే గాని నోరు మాత్రం కాస్త దురుసు.

చేతుల తిమ్మిరి ఆరు నెలల కిందట మొదలైంది. ల్యాబువాళ్లు పాత పెట్టె తీసేసి దానికి రెండింతలున్న ఐసు పెట్టె బిగించారు. అది సీటు సగం మింగేసింది. అతను ట్యాంకు మీదికి జరిగి, ఒంటి బరువంతా హ్యాండిల్ మీద మోపి నడపాల్సి వచ్చింది. తొలి రోజుల్లో మణికట్లు లాగేవి. తర్వాత రెండు చేతుల్లోనూ బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు చీమలు పాకినట్టు జివ్వుమనేవి. చివరికి ఆ చీమలు కూడా పాకడం మానేశాయి. బండి దిగాక చొక్కా గుండీ పెట్టుకోవాలంటే కళ్లతో చూస్తూ పెట్టుకోవలసిందే. బండి మీద బతికేవాడికి ఇవన్నీ మామూలే అనుకుని ఊరుకున్నాడు.

ఆ రోజుల్లోనే వాళ్లమ్మకు పక్షవాతం వచ్చింది. కుడిపక్క పడిపోయింది, మాట పోయింది. స్కూలు యూనిఫారాలు కుట్టి ఇద్దరు పిల్లల్ని పెంచిన మనిషి, అతని చెల్లెలి ఇంటి ముందుగదిలో, కిటికీ పక్క మంచం మీద కదలకుండా పడుకుంది. ఎడమ చేతిలో మాత్రం కాస్త సత్తువ మిగిలింది. చెల్లెలు దాంతోనే ఒక పద్ధతి పెట్టింది. తన వేళ్లు అమ్మ గుప్పిట్లో ఉంచి ఏదైనా అడిగేది. ఒకసారి నొక్కితే అవును, రెండుసార్లు నొక్కితే కాదు.

తల్లీ కొడుకుల మధ్య అప్పటికి రెండేళ్లుగా మాటల్లేవు. అతని భార్య ఇల్లు వదిలి వెళ్లిపోయినప్పుడు అమ్మ కోడలి పక్షాన నిలబడింది. "తప్పు దానిది కాదురా, నీ నోటిది" అంది. అతనికి ఒళ్లు మండిపోయింది. "ఇక నాతో మాట్లాడకు. నీ మాట నాకు వినపడకూడదు" అనేశాడు. ఆమె కూడా పట్టుదల మనిషే. ఆ రోజు నుంచి నిజంగానే మాట్లాడలేదు.

పక్షవాతం సంగతి తెలిశాక మాత్రం అతను ఉండలేకపోయాడు. పని ముగియగానే ల్యాబు నుంచి గంటసేపు బండి నడుపుకుంటూ రోజూ వచ్చేవాడు. హెల్మెట్ కూడా గుమ్మంలోనే పడేసి మంచం పక్కన కూర్చునేవాడు. ఆమె ఎడమ చేయి దుప్పటి కింద ఉండేది. తన వేళ్లు అందులో పెట్టి అడిగేవాడు.

"అమ్మా, నేనే. నా మీద ఇంకా కోపంగా ఉందా?"

ఆమె అతని వైపే చూసేది. కళ్ల వెంట నీళ్లు కారేవి. కాని జబ్బు చేసిన నాటి నుంచి ఆ కళ్లు ఎప్పుడూ కారుతూనే ఉండేవి. చేతిలో ఏ కదలికా తెలిసేది కాదు.

ఐదు సాయంత్రాలు అలాగే గడిచాయి. ఆరోనాడు అతని ఎదుటే చెల్లెలు అడిగింది, "అమ్మా, ఫ్యాన్ వెయ్యనా?" మరుక్షణం నవ్వి, "వద్దంటోంది అన్నయ్యా, రెండుసార్లు నొక్కింది" అంది.

అతను మంచం పక్కన మళ్లీ కూర్చున్నాడు. మళ్లీ అదే అడిగాడు. చాలాసేపు చూశాడు. ఏమీ లేదు.

"ఫ్యాన్ గురించి చెబుతావు గాని నాకు ఒక్క ముక్క చెప్పవు. సరేలే అమ్మా, నీ కోపం నీ దగ్గరే ఉంచుకో" అని చెయ్యి లాక్కుని లేచాడు. చెల్లెలు వీధిదాకా వెంటపడ్డా ఆగలేదు.

పదకొండు రోజులు ఆ గుమ్మం తొక్కలేదు. చెల్లెలు రెండుసార్లు ఫోన్ చేసింది.

"అమ్మ నీరసపడిపోతోంది. ఒకసారి రా అన్నయ్యా."

"వచ్చి ఏం చెయ్యను? మంచంకోడులా కూర్చోనా?"

"అలా మాట్లాడకు."

"నాకు వచ్చిన మాటలు ఇవే" అని పెట్టేశాడు.

పన్నెండో రోజు మధ్యాహ్నం ఒక క్లినిక్‌లో పెద్ద నర్సు ఇచ్చిన సీసా అతని చేతిలోంచి జారి నేల మీద పగిలింది. ఆ వారంలో అది మూడోది. ఆమె తిట్టలేదు. నేల తుడిపించి, అతన్ని స్టూలు మీద కూర్చోబెట్టింది.

"చెయ్యి చాపు. కళ్లు మూసుకో. ఏ వేలు పట్టుకున్నానో చెప్పు."

"ముందు పట్టుకోండి మరి."

"ఇప్పుడు కళ్లు తెరువు" అంది.

అతని మధ్యవేలు ఆమె గుప్పిట్లో ఉంది. గట్టిగా నొక్కుతోంది కూడా. ఆమె గోరు చుట్టూ చర్మం తెల్లబడింది.

"ఎన్నాళ్ల నుంచి ఇలా ఉంది?" అని ఆమె అడుగుతూనే ఉంది. అతను వినడం లేదు. ఆ గుప్పిటనే చూస్తున్నాడు. "అమ్మ" అన్నాడు, అంతే.

ల్యాబుకి ఫోన్ చేసి మిగిలిన క్లినిక్‌లకి వేరే మనిషిని పంపమన్నాడు. పెట్టె నర్సుకి అప్పగించి చెల్లెలి ఇంటికి బయల్దేరాడు. వెళ్లేసరికి చెల్లెలు అమ్మకి తల దువ్వుతోంది. గుమ్మంలోనే నిలబడి చెప్పాడు, తన వేళ్లు చచ్చుబడ్డాయని, అమ్మ నొక్కినా తనకు తెలిసి ఉండదని.

చెల్లెలి చేతిలో దువ్వెన ఆగిపోయింది.

"ఆ రోజు నువ్వు చెయ్యి లాక్కుని వెళ్లిపోయావు చూడు" అంది మెల్లగా. "నేను లోపలికొచ్చేసరికి అమ్మ దుప్పటి అంచు పట్టుకుని నొక్కుతోంది. రెండుసార్లు నొక్కడం, ఆగడం. మళ్లీ రెండుసార్లు. నరాలు లాగుతున్నాయేమో అనుకుని నూనె రాశాను అన్నయ్యా."

అతను నేల మీద కూలబడ్డాడు. అమ్మ చెయ్యి తీసుకుని తన చెంపకు ఆనించుకున్నాడు. చెంపకు స్పర్శ తెలుసు. "ఇప్పుడు చెప్పమ్మా. ఒక్కసారి" అని బతిమాలాడు. ఆమె కళ్లు మూసుకునే ఉంది.

"మొన్నటి నుంచి నాకూ చెప్పట్లేదు" అంది చెల్లెలు. "డాక్టర్ చూశాడు. పక్షవాతం మళ్లీ చిన్నగా వచ్చి ఉంటుందన్నాడు. నిన్ననే నీకు చెబుదామనుకున్నా. ఏమంటావోనని భయమేసింది."

మర్నాడు బండిని మెకానిక్ షెడ్డుకి తీసుకెళ్లాడు. అందరూ మేస్త్రీ అనే ముసలాయన, వేళ్ల సంగతీ అమ్మ సంగతీ అంతా విని, అతన్ని బండెక్కి కూర్చోమని చుట్టూ తిరిగి చూశాడు.

"నువ్వు బండి నడపట్లేదయ్యా, దాని మెడ పట్టుకు వేలాడుతున్నావు. మణికట్టు చూడు, వంకీలా ఎలా వంగిందో. చేతికి నెత్తురెలా ఆడుతుంది?"

పెట్టె కింద ఇనపచట్రం వేసి వెనక్కి జరిపాడు. హ్యాండిల్ రెండంగుళాలు పైకెత్తాడు. బ్రేకు, క్లచ్చి కిందికి దించి మణికట్టు తిన్నగా ఉండేలా బిగించాడు. పిడులకు మందంగా మెత్తటి రబ్బరు తొడిగాడు. "ట్యాంకుని మోకాళ్లతో పట్టుకో. చేతులతో మాత్రం కోడిగుడ్డు పట్టుకున్నట్టు పట్టుకో. అరగంటకోసారి ఆగి దిగు" అన్నాడు. డాక్టరేమో పడుకునేటప్పుడు కట్టుకోమని మణికట్టుకి పట్టీలిచ్చాడు. ఆలస్యం చేశావు, అన్నీ తిరిగి రాకపోవచ్చునన్నాడు.

పది రోజులకి వేళ్లలో సూదులు గుచ్చినట్టు నొప్పి పుట్టింది. నొప్పి పుట్టినందుకు కళ్లనీళ్లు పెట్టుకుని సంతోషించాడు. ప్రతి సాయంత్రం వచ్చి అమ్మ గుప్పిట్లో వేళ్లు పెట్టి కూర్చునేవాడు. ఏమీ అడిగేవాడు కాదు. నర్సులు తనని ఏమని పిలుస్తారో, ఏ క్లినిక్‌లో టీ కషాయంలా ఉంటుందో, తన భార్య గురించి అమ్మ అన్న మాట ఎంత నిజమో, అవన్నీ చెప్పేవాడు.

ఒక ఆదివారం మధ్యాహ్నం, చెల్లెలు వంటింట్లో ఉండగా, అమ్మ గుప్పిట మెల్లగా సడలింది. చూపుడువేలి మీంచి, మధ్యవేలి మీంచి ఆమె వేళ్లు ఒక్కొక్కటిగా వదులైపోవడం అతనికి తెలిసింది. చెల్లెల్ని వెంటనే పిలవలేదు. కాసేపలాగే ఉండి, అప్పుడు పిలిచాడు.

రెండు నెలల తర్వాత ఇంజిన్ ఆయిలు మార్పించడానికి షెడ్డుకి వెళ్లాడు.

"చేతులెలా ఉన్నాయి?" అన్నాడు మేస్త్రీ, బండి కింద పళ్లెం పెడుతూ.

"బాగున్నాయి. బొటనవేలి కొసన కాస్త మొద్దుగా ఉందంతే."

"చెప్పానా! ఇంతకీ మీ అమ్మగారికెలా ఉంది?"

"పోయింది మేస్త్రీ. నువ్వు బండి బాగుచేసిన ఇరవై రోజులకి."

మేస్త్రీ లేచి నిలబడ్డాడు. "బండి కాస్త ముందే తెచ్చుంటే..." అని మొదలుపెట్టి, అతని మొహం చూసి నోరు మూసుకున్నాడు. చేతులు గుడ్డకి తుడుచుకుని వచ్చి, అతను కూర్చున్న బల్ల మీదే పక్కన కూర్చున్నాడు. పళ్లెంలోకి నల్లటి నూనె ధార కట్టి, సన్నబడి, బొట్లు బొట్లుగా పడి ఆగిపోయింది. అయినా ఇద్దరిలో ఎవరూ లేవలేదు.