జపాను మూట

మొదట నా చేతిలో ఉన్నది ఒక మైదా జిగురు గిన్నె, ఇంట్లో మగవాళ్ళు భోంచేసి పడుకున్నాక మిగిలే మధ్యాహ్నం. ఆ రెండూ పెట్టుబడిగా పెట్టి పదకొండేళ్ళు కాగితం కవర్లు అంటించాను. షావుకారుపేటలో మాది పాత కాగితాల కొట్టు. కింద కొట్టు, మీద ఇల్లు, వెనక వసారాలో మేము. కొత్తవాల్ చావడి మార్కెట్టు అంగళ్ళకు కావలసిన కవర్లు అక్కడే తయారయ్యేవి. చెల్లమ్మ, చిన్నపొన్ను కూలికి వచ్చేవాళ్ళు. నేను కోడలిని కనుక ఊరికే వచ్చేదాన్ని. శనివారం మా ఆయన కోదండరాం వాళ్ళిద్దరి చేతుల్లో కూలి పెట్టి, నా వైపు తిరిగి "కాఫీ కలుపు" అనేవారు.

"నీకేం తక్కువ కన్యకా?" అనేది మా అత్తగారు కమలాంబ. "పెండ్లయింది, గట్టెక్కినావు. ఇంక నీకు జరగాల్సింది ఏముండాది?" దీవిస్తున్నట్టే అనేది. హాల్లో తగిలించిన మా పెళ్ళి ఫోటోను రోజూ తుడవమని కూడా ఆవిడే చెప్పింది. ఆవిడా చిన్నతనంలోనే గట్టెక్కిన మనిషి.

డెబ్బై ఆరులోనో ఏడులోనో హార్బరు నుంచి ఒక పెద్ద మూట వచ్చింది. జపాను యంత్రాల పెట్టెల్లో సందులు పూడ్చడానికి కూరిన పుస్తకాలు. ఇటుకంత లావు. లోపల గులాబీ, పచ్చ, పసుపు కాగితాలు, వాటి నిండా బొమ్మలు. మళ్ళీ ఎవరూ పుస్తకాలుగా అమ్ముకోకుండా అట్టలు చింపి, అంచులు కోసేశారు. పేజీ అంకెలు కూడా ఆ కోతలో పోయాయి.

"పిల్లకాయల బొమ్మల పుస్తకాలు. కాయితం మెత్తగుండాది, జిగురు బాగా పట్టుకుంటాది. చింపి అంటించండి" అని మా ఆయన వెళ్ళిపోయారు.

సరుకు చూసి రకం చెప్పడం నాకూ వచ్చు. ఒకదాంట్లో కత్తులు, ఒకదాంట్లో బంతాట, ఒకదాంట్లో జుట్టు విరబోసుకున్న దయ్యం. అవి పిల్లలకే అనుకుందాం. మరి హోటలు వంటవాడు చేపను కోసే తీరు పేజీల కొద్దీ వేస్తే ఏ పిల్లవాడు చూస్తాడు? ఆఫీసులో పై అధికారి ముందు తల వంచుకుని, ఇంటికి పోయే దారిలో ఒక్కడే కూర్చుని తాగే బట్టతల గుమాస్తా కథ ఎవరి కోసం? ఆ దేశంలో ఏ పని చేసేవాళ్ళకైనా, ఏ వయసు వాళ్ళకైనా, తమదంటూ ఒక కథ అంగట్లో దొరుకుతుందన్నమాట. మా ఇంట్లో కథలంటే దేవుళ్ళవీ రాజులవీ. గిన్నెలు కడిగే మనిషి వాటిలోకి వచ్చినా గిన్నెలు కడగడానికే వచ్చేది.

చెల్లమ్మ పొద్దుటిపూట ఒక హోటల్లో పిండి రుబ్బేది. వంటవాడి పుస్తకం తన ఒళ్ళోంచి దించలేదు. చిన్నపొన్నుకు గుద్దులాట ఆడేవాడు దొరికాడు. "అక్కా, ఈడు మా ఇంటాయన మాదిరే ఉండాడు. కాకపోతే ఈడు బయట కొట్లాడతాడు" అంది.

నాకు దొరికింది సన్నటి గీతలతో వేసిన ఒక ఆడమనిషి కథ. అక్షరాలు తెలియకపోయినా బొమ్మలు చూసి వాళ్ళకు చెప్పాను. మొదట్లో ఆమె రైలు స్టేషనులో పెట్టె పట్టుకుని ఒంటరిగా నిలబడి ఉంటుంది. గాలికి జుట్టు రేగి ఉంటుంది. పాపం, దిక్కులేనిది. తర్వాత ఒక ఇల్లు, ఒక మగవాడు, ఒక ముసలమ్మ. ఆమె వండుతుంది, వడ్డిస్తుంది, తోముతుంది. చివరికి తెల్లటి పెళ్ళిబట్టల్లో తల వంచుకుని కూర్చుంటుంది, చుట్టూ అందరూ నవ్వుతుంటారు. పనికి కుదిరి, మంచితనంతో ఆ ఇంటికే కోడలయిందని నేను ముడి వేశాను.

మేడమెట్ల మీద కూర్చుని వింటున్న అత్తగారికి ఈ కథ బాగా నచ్చింది. "చూడండమ్మే, ఏ దేశంలో అయినా అంతే. ఓర్చుకుంటే గట్టెక్కతాది" అంది. మర్నాడు మళ్ళీ చెప్పించుకుంది.

రెండోసారి చెబుతుంటే చెల్లమ్మ పేజీకి చెయ్యి అడ్డం పెట్టింది.

"ఉండుక్కా. ఈడ గిన్నె పగిలి పడుండాది. తర్వాత మళ్ళా బాగుండాదే?"

"వేరే గిన్నె అయ్యుంటాది."

"పువ్వు అదే. అంచున పెచ్చు లేచింది కూడా ఆడనే."

నిజమే. పగిలిన సరుకు మళ్ళీ మంచి సరుకై అరలోకి రావడం నేను ఏ కొట్లోనూ చూడలేదు. మన్నడి పేట నుంచి వచ్చే ఉర్దూ పత్రికల కట్టలు విడదీసేది నేనే. అవి కుడి వైపు నుంచి తెరుచుకుంటాయి. ఇదీ అంతేనేమోనని పుస్తకాన్ని బోర్లించి, అటు చివర నుంచి మొదలుపెట్టాను.

పెళ్ళి ముందు వచ్చింది. తర్వాత వంట. ఒక పేజీ నిండా ముసలమ్మ చూపుడు వేలు. ఆ కోడలు మాట్లాడుతుంటే మగవాడు ముఖం ముందు నుంచి పేపరు దించడు. గిన్నె పగులుతుంది. ఆ పక్క పేజీలో ఒక్క మాట కూడా లేదు, ఆమె ఆ ముక్కల ముందు కూర్చుని ఉంటుంది. ఆ బొమ్మ వేసినవాళ్ళకు మా వంటిల్లు ఎవరు చూపించారో! ఆపైన పెట్టె సర్దుకోవడం. ఆపైన స్టేషను, గాలికి రేగిన జుట్టు. ముఖంలో ఒక్క గీత కూడా మారలేదు. నిన్న దిక్కులేనిదనుకున్న మనిషి ఇవాళ హాయిగా ఊపిరి పీలుస్తోంది.

చిన్నపొన్ను తన పుస్తకం గబగబా తిరగేసింది. "అయ్యయ్యో, గెలిచినోడు తన్నులు తిని ఇంటికి పోయినాడనుకుంటినే. తన్నులు తినే గెలిచినాడు."

ముగ్గురం నవ్వుకున్నాం. మెట్ల మీద అత్తగారు మాత్రం మెడ చాచి నా చేతిలో పేజీ వైపే చూస్తోంది.

సాయంత్రం ఆయన వచ్చి మూట చూశారు. "ఇంకా చింపలేదే? రేపు శివకాశి టపాకాయలోళ్ళ లారీ వస్తాది. అంతా ఎత్తిచ్చేస్తా."

స్టేషనులో నిలబడ్డ ఆ మనిషిని టపాకాయకు చుడతారు.

"మూట నేను తీసుకుంటా" అన్నాను.

"దేంతో?"

"నా కూలితో. చిన్నపొన్నుకి ఇచ్చినంతే నాకూ ఇయ్యండి."

"ఇంటి ఆడదానికి కూలా? రేపు అన్నం వండిందానికి కూడా అడగతావా?"

"అది ఇంకా లెక్కెయ్యలేదు. ముందు కవర్లు."

ఆయన నవ్వి, వాళ్ళమ్మ కూడా నవ్వుతుందని మెట్ల వైపు చూశారు. కమలాంబ నవ్వలేదు.

"ఇచ్చెయ్‌రా" అంది. "ఆ గిన్నె పేజీ నేను మళ్ళా చూడాల."

మూట నాదయింది. ఆపైన శనివారం కూలి కూడా వచ్చింది, మొదట్లో సణుగుడుతో, తర్వాత సణుగుడు లేకుండా. వీధి అరుగు మీద పుస్తకాలు పేర్చి అద్దెకిచ్చాను. టైపు నేర్చుకునే అమ్మాయిలు, కూరగాయల బుట్టలు దించిన ఆడవాళ్ళు వచ్చి ఎవరి రకం వాళ్ళు ఏరుకునేవారు. కుడి వైపు నుంచి చూడమని మాత్రం చెప్పి పంపేదాన్ని. కాగితం మెత్తనిది, చాలా పుస్తకాలు చిరిగిపోయాయి. అది తరుగు కింద రాసుకోవాలి. ఆ ఆడమనిషి పుస్తకం అద్దెకివ్వలేదు. అది అత్తగారి దిండు కింద ఉండేది.

ఇక మిగిలిన లెక్క ఒకటి. హాల్లో ఫోటోలో తల వంచుకుని కూర్చున్న పిల్లను చివరి పేజీ అనుకుని ఇన్నేళ్ళు తుడిచాను. అది మొదటిది. తర్వాతి పేజీలు ఎవరూ చింపలేదు, నా దగ్గరే ఉన్నాయి.