గరాజ్ స్ప్రింగ్ ఎవరు విరిచారు?

"వదలకు అక్కా! భుజం తీశావంటే మొత్తం కిందికొచ్చేస్తది!"

సృజన వదల్లేదు. గరాజ్ తలుపు ఒక చివర కారు బానెట్ మీద కూలబడి ఉంది. రెండో చివర ఒక నిచ్చెన మీదా, ఆమె కుడి భుజం మీదా ఆగి ఉంది. రెండు కార్లు పట్టేంత వెడల్పు తలుపు అది. పైన స్ప్రింగ్ బాగున్నన్నాళ్లూ చంటిపిల్ల తోసినా లేచేది. స్ప్రింగ్ విరిగాక దాని అసలు బరువేమిటో ఇప్పుడు తెలుస్తోంది.

రాత్రంతా ఆసుపత్రి వార్డులో తిరిగిన కాళ్లు ఆమెవి. నర్సు యూనిఫాం కూడా మార్చుకోలేదు. ఇంటికొచ్చి ఇంత పెరుగన్నం తిని పడుకోవాలన్న ఒక్క ఆశతో సిడ్నీ శివారులోని రౌస్ హిల్ దాకా కళ్లు నులుముకుంటూ వచ్చింది. వచ్చేసరికి ఇదీ పరిస్థితి.

ఆమె తమ్ముడు జశ్వంత్ గోడవారన ఉన్న ఇనుప పట్టాకు క్లాంపు బిగించాడు. రెండోవైపుకి పరిగెత్తి అక్కడా బిగించాడు. తలుపును ఊపి చూశాడు. కదల్లేదు.

"ఇంక వదులక్కా. ఆగింది."

సృజన అక్కడే నేల మీద చతికిలబడింది.

బయట డ్రైవ్‌వేలో ఆమె భర్త సంజయ్ ఫోన్‌లో అరుస్తున్నాడు. "మా అమ్మ అప్పుడే దాని కింద నుంచి బయటికొచ్చింది అంకుల్! ఒక్క అడుగు వెనక ఉంటే? మీ కుర్రాడు వేసిన స్ప్రింగే. దీపావళి ముందు వేశాడు, అప్పుడే తుప్పు! పాత సరుకు తెచ్చి వేశాడు. మీరొచ్చి కళ్లారా చూడండి."

ఫోన్ అవతల ఉన్నది ఈశ్వరప్రసాద్. గరాజ్ తలుపుల కంపెనీ యజమాని, జశ్వంత్‌కి బాస్. జశ్వంత్ పర్మనెంట్ రెసిడెన్సీకి స్పాన్సర్ చేస్తున్నది ఆయనే. కాగితాల మీద వచ్చే వారం సంతకం పెడతానన్నాడు. పాత సరుకు వేశాడని తేలితే సంతకం సంగతి అటుంచి, ఆ సాయంత్రానికే ఉద్యోగం ఉండదు. ఉద్యోగం లేకపోతే వీసా లేదు.

"బావ అలా అంటాడేంటక్కా?" అన్నాడు జశ్వంత్. "కొత్తదే వేశాను. డబ్బా నేనే విప్పాను." మళ్లీ స్ప్రింగ్ వైపు చూసి, "విప్పాననే అనుకుంటున్నా. ఆ రోజు చాలా ఇళ్లు తిరిగాను. వ్యాన్‌లో పాతవి కూడా ఉన్నాయి. పొరపాటున పాతదే వేశానేమో," అన్నాడు.

"పిచ్చోడా, ఆ మాట ఆయన ముందు అనకు."

"మరి ఈ తుప్పు ఎక్కడ్నుంచొచ్చింది?"

సృజనకి లేవాలని లేదు. అయినా లేచింది. నిచ్చెనను తలుపు మధ్యకి జరిపి ఎక్కింది. తలుపు పైన అడ్డంగా ఉన్న ఇనుప కడ్డీకి చుట్టుకుని స్ప్రింగ్ రెండు ముక్కలై ఉంది. బయటి చివర్లు రెండూ నల్లగా, నూనె రాసినట్టు మెరుస్తున్నాయి. విరిగిన చోట మాత్రం జానెడు మేర నారింజరంగు తుప్పు. తుప్పు మీద తెల్లటి పొక్కు.

పాత స్ప్రింగయితే పొడవునా తుప్పుండాలి కదా! ఇక్కడొక్కచోటే ఏమిటి?

తెల్లదాన్ని గోటితో గీకి నాలిక్కి రాసుకుంది.

"అక్కా! ఛీ, ఏంటది?"

"ఉప్పు."

తలెత్తింది. స్ప్రింగ్‌కి సరిగ్గా పైన, చెక్క దూలానికి ఒక కొత్త కొక్కెం. కొక్కేనికి ఎర్రటి దారప్పోగు వేలాడుతోంది. దూలం మీద తెల్లటి చార కిందికి దిగింది.

సృజన నిద్రమత్తు ఒక్క దెబ్బకి వదిలింది.

రాళ్లుప్పూ పటికా ఎర్రగుడ్డలో మూటగట్టి గుమ్మానికి వేలాడదీస్తే ఇంటికి దిష్టి తగలదని వాళ్ల తణుకు వైపు అందరికీ నమ్మకం. కానీ ఈ ఇంట్లో వీధి గుమ్మం పార్శిల్ వాడొస్తే తప్ప తెరవరు. రాకపోకలన్నీ గరాజ్‌లోంచే. మూట ఇక్కడికొచ్చిందన్నమాట. సిడ్నీలో డిసెంబర్‌లో మొదలైన ఈ ఎండాకాలమంతా ఒకటే ముసురు. ఉప్పు చెమ్మ పీల్చి, కరిగి, చుక్కచుక్కగా స్ప్రింగ్ మీద కారింది. స్ప్రింగ్‌ని తినేసింది.

మరి మూటేది? పొద్దున్న తలుపు పడేదాకా ఉండి ఉండాలి. ఎవరో తీసేశారు.

నిచ్చెన దిగి వంటింట్లోకి నడిచింది. అత్తగారు శేషుకుమారి చేతికర్ర ఒళ్లో పెట్టుకుని కుర్చీలో కూచుంది. ఆవిడ ముందు కాఫీ మీద మీగడ కట్టింది.

"అత్తయ్యా, గరాజ్‌లో దిష్టిమూట ఎవరు కట్టారు?"

శేషుకుమారి కిటికీలోంచి డ్రైవ్‌వే వైపు చూసింది. "నేనేనే."

"మీరా? మెట్టెక్కడానికే నా భుజం పట్టుకుంటారు. నిచ్చెనెక్కారా?"

"ఎక్కానన్నానుగా. అమావాస్య అమావాస్యకీ మార్చాను కూడా. అలాగే చెప్పు ఆ కంపెనీ ఆయనకి. ముసల్దాన్ని, నన్నేం చేస్తారు? ఊరుకోవే తల్లీ, నీకు పుణ్యముంటుంది."

ఇంకేమీ అడగక్కర్లేకపోయింది. సృజన వెనకతలుపు తీసి బయటికెళ్లింది. సంజయ్ ఫోన్ పెట్టేసి, అక్కడి ఎర్ర మూత చెత్తడబ్బా పక్కకొచ్చి నిలబడి ఉన్నాడు. ఆమె మూత ఎత్తబోయింది. అతను చెయ్యి అడ్డం పెట్టాడు.

"అందులో ఏముందో నాకు తెలుసు సంజయ్."

"గట్టిగా మాట్లాడకు." అతని మొహం పాలిపోయింది. "అమ్మ పోరు పడలేక కట్టాను. ఉప్పుకి స్ప్రింగ్ విరుగుతుందని ఎవడికి తెలుసు?"

"తెలీక కట్టావు, సరే. తెలిశాక దాచావు. దాచి, నా తమ్ముడి మీదకి తోశావు."

"నేను రిమోట్ నొక్కాను. ఢామ్మని పేలింది. వెనక్కి చూస్తే అమ్మ తలకీ ఆ తలుపుకీ మధ్య ఇంతే ఉంది." వేళ్లు చూపించాడు. "మా అమ్మని నేనే చంపబోయానని పదిమందిలో ఒప్పుకోమంటావా? జశ్వంత్‌కి ఏముంది, చిన్నవాడు. ఇంకో జాబ్ వెతుక్కుంటాడు."

"ఇంకో జాబ్ కాదు. ఇంకో దేశం వెతుక్కోవాలి."

అతనేదో అనబోతుండగా తెల్లటి వ్యాన్ వచ్చి వాకిట్లో ఆగింది.

ఈశ్వరప్రసాద్ ఎవర్నీ పలకరించలేదు. నేరుగా నిచ్చెనెక్కాడు. జేబులోంచి కళ్లద్దాలు తీసి పెట్టుకుని, విరిగిన చోట వేలితో రాశాడు. దిగాక జశ్వంత్ మొహంలోకి చూశాడు.

"ఏంది తమ్మీ ఇది? స్ప్రింగా, పాత ఇనుప సామానా? కొత్తది అయిదారు నెలల్ల గిట్లయితదా?"

"అంకుల్, నేను..." జశ్వంత్ తల దించుకున్నాడు. "ఏమో అంకుల్, నాదే పొరపాటేమో."

"నోర్ముయ్‌రా," అంది సృజన. "అంకుల్, అది ఉప్పు. పైన దిష్టిమూట వేలాడదీశారు. కొక్కెం చూడండి. నీరు కారి ఆ ఒక్కచోటే తినేసింది. మిగతాదంతా కొత్తగానే ఉంది."

ఈశ్వరప్రసాద్ మళ్లీ పైకి చూశాడు. "కొక్కెమైతే ఉన్నది బిడ్డా. మూటేది? యాడ్నుంచో తెచ్చి చూపిచ్చినా నమ్మ, నువ్వు వీని అక్కవు. వీన్ని కాపాడనీకె వంద చెప్తవ్. అది ఎవరన్న కట్టిండ్రంటె నమ్ముత. ఎవ్వరు కట్టలేదంటె, వీడు తుప్పుది తెచ్చి పెట్టినట్టె. ఎవరు కట్టిండ్రు?"

గరాజ్ లోపలి గుమ్మంలో కర్ర చప్పుడైంది. శేషుకుమారి ఒక చేత్తో గోడ పట్టుకుని నిలబడింది.

"నేనే కట్టానండీ."

ఈశ్వరప్రసాద్ ఆవిడ మోకాళ్లకేసి చూశాడు. నిచ్చెనకేసి చూశాడు. "అమ్మా, పెద్దవారు మీరు. గా నిచ్చెన మీరు ఎక్కిన్రా? ఏది, రెండు మెట్లు ఎక్కి చూపియ్యిండ్రి."

శేషుకుమారి నిజంగానే ఒకడుగు ముందుకేసింది. కర్ర జారింది. సృజన పరిగెత్తి పట్టుకుంది. ఆవిడ ఆమె చెవిలో, "వద్దే. వాడి పరువు తీయకే," అంది.

సంజయ్ ఫోన్ తెర వైపు చూస్తున్నాడు. తెర మీద ఏమీ లేదు. అది ఆరిపోయి చాలాసేపయింది. తల్లి కిందపడబోయినా తలెత్తలేదు.

"అయితే ఎవ్వరు కట్టలేదన్నట్టు," అన్నాడు ఈశ్వరప్రసాద్. "తమ్మీ, నీకిచ్చిన కంపెనీ వ్యాన్ తాళాలు ఇయ్యి."

జశ్వంత్ జేబులో చెయ్యి పెట్టాడు. తాళాలు తీశాడు.

సృజన అత్తగారిని మెల్లగా కుర్చీ ఎత్తున పేర్చిన పాత టైర్ల మీద కూచోబెట్టింది. కాళ్లు లాగేస్తున్నాయి. సంజయ్ చెబుతాడేమోనని ఇంకొక్క క్షణం ఎదురుచూసింది. రాత్రంతా వార్డులో ఎందరినో చూసుకున్న ఓపిక అక్కడితో అయిపోయింది.

"తాళాలు జేబులో పెట్టుకోరా," అంది. తర్వాత ఈశ్వరప్రసాద్ వైపు తిరిగింది.

"కట్టింది సంజయ్. మా ఆయన."