పొంగే జిగురు

వడ్రంగి ఇంటి కోడలు కుక్క కోసం అత్త చెయ్యి విరగ్గొట్టిందని ఎదురింటావిడ ఇస్త్రీ ఆవిడతో అన్నదట. ఇస్త్రీ ఆవిడ వీధి చివరి కొట్లో చెప్పిందట. తిరిగి తిరిగి కోడలి చెవికి చేరేసరికి విరిగిన చేతులు రెండయ్యాయి.

ఆ ఇంట్లో జిగురంటే మొన్నటిదాకా పిండి జిగురే. చెక్కపెట్టెల లోపల కాగితం అంటించడానికి అత్త మైదా ఉడికించి ఇచ్చేది. పనయ్యాక గిన్నె కుక్కది. అడుగు నాకడం పొట్టుగాడికి పుట్టుకతో వచ్చిన హక్కు. ఆ రోజు కొడుకు తలుపు చట్రానికి కొత్తరకం డబ్బా జిగురు వాడి, మిగిలింది ఆ పాత గిన్నెలోనే వదిలేశాడు. అత్త అలవాటుకొద్దీ తీసి కింద పెట్టింది.

కోడలు వచ్చేసరికి గిన్నె కడిగినట్టుంది. బల్లమీద ఒలికిన బొట్టు మాత్రం పొంగి, బూరెంత అయి కూర్చుంది. ఆమె డబ్బా చేతబట్టుకుని పశువుల డాక్టరుకు ఫోను చేసింది.

"వాంతి చేయించొద్దు. నీళ్లు, పాలు, నూనె, ఏమీ పట్టొద్దు. డబ్బాతో సహా వెంటనే తీసుకురా" అన్నాడాయన.

ఫోను పెట్టి తిరిగితే, అత్త ఒక చేత్తో పొట్టుగాడి దవడ, ఇంకో చేత్తో ఉప్పునీళ్ల గ్లాసు పట్టుకుని ఉంది.

"పొయ్యకండత్తయ్యా!"

"కక్కితే అదే పోతుందే. నిన్నగాక మొన్నొచ్చి నాకు చెప్తావా?"

"కక్కితే గొంతులో అడ్డం పడుతుంది. నీళ్లు తగిలితే కడుపులో ఇంకా పొంగుతుంది. డాక్టరు వద్దన్నాడు!"

గ్లాసు వంగింది. కోడలు అత్త మణికట్టు ఒడిసిపట్టింది. నీళ్లన్నీ నేలపాలు.

"ఏమే, మా అమ్మ చెయ్యే పట్టుకుంటావా?" కొడుకు ఉరిమాడు.

"పట్టుకుంటా. అడ్డమొస్తే నీదీ పట్టుకుంటా. బండి తియ్యి."

"కుక్క కోసం ఇంత..."

"కుక్కే! నీ మతిమరుపు మింగింది పాపం ఆ కుక్కే. తీస్తావా, నన్ను తియ్యమంటావా?"

తీశాడు.

డాక్టరు కడుపు కోసి తీసిన ముద్ద, అచ్చు పొట్టుగాడి పొట్ట ఆకారంలో, రాయిలా ఉంది. కోడలు దాన్ని అడిగి తెచ్చుకుని మొగుడి పనిబల్ల మీద, ఉలుల పక్కన పెట్టింది. తీసెయ్యమనే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

పొట్టుగాడు ఇంటికొచ్చిన మర్నాడు ఎదురింటావిడ పరామర్శకు వచ్చింది. అత్త వాడి తల ఒళ్లో పెట్టుకుని చెంచాతో గంజి పడుతోంది.

"చెయ్యెలా ఉంది వదినా? ఎంత పని చేసిందమ్మా నీ కోడలు!"

గుమ్మంలో ఉన్న కోడలు కొంగు బిగించింది. ఈసారి మాటకు మాట అప్పజెప్పాల్సిందే అనుకుంది. కానీ అత్త చెంచా కింద పెట్టి, ఆ చెయ్యి చాచి ఎదురింటావిడ ముఖం ముందు అటూ ఇటూ తిప్పింది.

"గిన్నె పెట్టి వీణ్ణి చంపబోయింది ఈ చెయ్యే. దీన్ని పట్టుకునే మనిషి మా ఇంట్లో ఒకతుంది. నీ నోరు పట్టుకోడానికి మీ ఇంట్లో ఎవరూ లేరా?"