గాలి వస్తోందా

నార్వేలో మా సొరంగంలో నిప్పంటుకుంటే గాలి ఎటు తోలాలో ముందే రాసిపెట్టి ఉంటుంది. అగ్నిమాపక దళం ఉండేది స్కార్‌డాల్ వైపు. అందుకని ఫ్యాన్లు గాలిని అటునుంచి హోయ్‌విక్ వైపే తోస్తాయి. పొగ ముందు పోతుంది, దళం వెనకాల నడుస్తుంది. హోయ్‌విక్ వాళ్లకు ఈ పద్ధతంటే ఒళ్లుమంట. వాళ్లదేమో దళం పెట్టుకునేంత ఊరు కాదు.

మా తమ్ముడు ఊల్వ్ ఉండేది హోయ్‌విక్‌లోనే. ఫ్యాన్లు నా చేతిలో ఉంటాయని నన్ను 'గాలి దొరసాని' అని ఏడిపించేవాడు.

ఆ మధ్యాహ్నం నేను కంట్రోల్ రూంలో జున్ను పెట్టిన రొట్టె తింటుండగా, సొరంగం మధ్యలో ఒక లారీ అంటుకుంది. గేట్లు మూశాను, ఫ్యాన్లు వేశాను. దళం పెద్ద తూర్‌స్టైన్ నలుగురితో స్కార్‌డాల్ వైపునుంచి లోపలికి నడిచాడు.

"గాలి మా వీపు మీదే ఉండాలి గున్వోర్," అన్నాడు రేడియోలో.

అంతలో సొరంగంలోని ముప్పై ఒకటో నంబరు అత్యవసర ఫోను మోగింది.

"అక్కా, నేనే. హోయ్‌విక్ నుంచి వస్తూ లారీ వెనకాలే ఇరుక్కున్నా. పొగంతా నా మీదికే వస్తోంది. బండి కదలట్లేదు. మఫ్లర్ ముక్కుకు చుట్టుకున్నా."

"గోడ పట్టుకుని హోయ్‌విక్ వైపు నడువు."

"రెండు కిలోమీటర్లక్కా. అంత ఊపిరి ఎక్కడిది?" దగ్గాడు. "నీ ఫ్యాన్లు ఒక్కసారి అటు తిప్పు దొరసానీ."

తిప్పితే ఆ పొగంతా తూర్‌స్టైన్ వాళ్ల మీద పడుతుంది. ఐదుగురు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. బటన్ మీదికి పోయిన చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

"తిప్పుతున్నానురా," అన్నాను. "కాస్త టైం పడుతుంది."

"అయితే ఇక్కడే కూర్చుంటా."

వాడి భయం తగ్గాలనే అలా అన్నాను. లేచి నడవరా అని చెప్పాలంటే అబద్ధమాడానని ఒప్పుకోవాలి. నోరు రాలేదు.

"గాలి వస్తోందా?" అని మూడుసార్లు అడిగాడు. వస్తోందని మూడుసార్లూ చెప్పాను. నాలుగోసారి అడగలేదు.

దళంలో ఎవరికీ ఏమీ కాలేదు. నేను పద్ధతి ప్రకారమే చేశానని విచారణలో రాశారు. వాడి వెనక కారులోని ముసలావిడ గోడ పట్టుకుని నడుచుకుంటూ బయటపడింది.

ఊల్వ్ ఫోను కిందే కూర్చుని ఉన్నాడని తూర్‌స్టైన్ చెప్పాడు. ముక్కుకు కట్టుకున్న మఫ్లర్ విప్పేసి, మడతపెట్టి ఒళ్లో పెట్టుకున్నాడట.