గంతలు ఉతికే మనిషి

ప్రతి ఆదివారం సాయంత్రం నేను జనాల కన్నీళ్ళు ఉతుకుతాను. మాటవరసకు చెప్పడం లేదు. మా ఆయన ధ్యానం క్లాసులో అందరూ కళ్ళకు నల్లగుడ్డ గంతలు కట్టుకుంటారు. క్లాసయ్యాక అవన్నీ బుట్టలో పడతాయి, ఆ బుట్ట తెచ్చి నా ముందు పెడతారు. కాటుక, చెమట, చీమిడి, కన్నీటి ఉప్పు. మెషిన్లో వేస్తే నాడాలు చిక్కుపడతాయని చేత్తోనే ఉతకాలి. "మనసుల మురికి నేను కడుగుతాను, గుడ్డల మురికి నువ్వు కడుగు. ఇద్దరిదీ ఒకటే సేవ" అంటారాయన. ఒకటే అయినప్పుడు ఒక్క వారమైనా పనులు మార్చుకోవచ్చు కదా అని నేను అనలేదు. అంటే జబ్బు తిరగబెట్టిందంటారు.

నా జబ్బు సంగతి చెప్పాలి. కొన్నేళ్ళ క్రితం ఒకరోజు నాకు ఒళ్ళు కాలిపోయే జ్వరం. ఆయన క్లాసువాళ్ళందరినీ ఇంటికి భోజనానికి పిలిచి, ఆ సంగతి వాళ్ళు గుమ్మంలో చెప్పులు విడుస్తుండగా నాకు చెప్పారు. ఉతికి మడతపెట్టిన గంతల బుట్టను తీసుకెళ్ళి వాకిట్లో బురదలో బోర్లించాను. "నేను మనిషినా, పనిముట్టునా" అని గొంతు చించుకుని అరిచాను. పక్కింటివాళ్ళు గోడ మీదనుంచి చూశారు. మర్నాడు ఆయన నన్ను మానసిక వైద్యురాలి దగ్గరికి తీసుకెళ్ళారు. ఆవిడ అంతా విని, "ఈమెకు కావలసింది నిద్ర, ఇంట్లో కాస్త సాయం" అంది. మాత్రలు కూడా రాయలేదు. ఆయనకు ఆ డాక్టరు నచ్చలేదు.

అప్పటినుంచి ఆయన ఉపన్యాసాల్లో 'ఒక స్త్రీ' చేరింది. మొదట్లో ఆమెకు ఉత్త చిరాకే. కొన్నాళ్ళకు నిద్రలో లేచి నడవడం మొదలుపెట్టింది. ఈ మధ్య కట్టుకున్న మొగుణ్ణీ కన్నబిడ్డనూ కూడా గుర్తుపట్టడం మానేసింది. చివరికి ఆయన ధ్యానశక్తితో బాగుపడుతుంది. పేరు చెప్పకపోయినా, వెనకాల కుర్చీలు సర్దుతున్న నావైపు అందరూ జాలిగా తిరిగి చూస్తారు. అలా చూసిన ప్రతిసారీ నాకు కుర్చీ ఎత్తి కొట్టాలనిపించేది. సర్దేసి వచ్చేసేదాన్ని.

ఇంకో సంగతి మాత్రం ఎవరికీ తెలియదు. ధ్యానంలో స్పీకర్లోంచి వచ్చే గొంతు నాది. ముందు ఆయనే చెప్పేవారు. శక్తులూ తరంగాలూ అంటుంటే సగంమంది గురక పెట్టేవాళ్ళు. ఒకసారి ఆయనకు గొంతు పట్టేస్తే, నాకు తోచిన నాలుగు మాటలు ఫోన్లో రికార్డు చేసిచ్చాను. "మీ లోపల ఒక గది ఉంది. తలుపు తోయండి. కిటికీ పక్కన కుర్చీ ఉంది, కూర్చోండి. ఇక్కడ మిమ్మల్ని ఎవరూ పిలవరు." పెళ్ళయిన దగ్గరనుంచీ గిన్నెలు తోముకుంటూ లోపల్లోపల నేను కట్టుకున్న గది అది. ఆ ఆఖరి మాట దగ్గరికి వచ్చేసరికి ఎవరో ఒకరు ఏడుస్తారు. ఏడిపించేది దేవుడో, మనసో, ఒట్టి అలసటో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. ఆయన మాత్రం తన శక్తేనంటారు. "గొంతు నీదని ఎక్కడా అనకు. ఇంటావిడ గొంతంటే జనానికి గురి కుదరదు" అన్నారు.

పోయినవారం అన్నం తింటూ ఆయనే కదిపారు.

"ఈసారి పెద్ద హాల్లో క్లాసు. చివర్లో నువ్వు లేచి రెండు ముక్కలు చెప్పాలి. నాకు పిచ్చి పట్టింది, ఈయన నయం చేశారు అని."

"నాకు పిచ్చెప్పుడు పట్టింది?"

"చూశావా, నీకది గుర్తు కూడా లేదు."

అత్తగారు అందుకున్నారు. "మొగుడి పేరు నిలబెట్టడానికి రెండు ముక్కలు చెబితే నీ నోరేమన్నా అరిగిపోతుందా అమ్మాయ్?"

సరేనని తలూపాను. మర్నాడు పొద్దున మా అమ్మాయి జడ వేయించుకుంటూ అడిగింది. "అమ్మా, నీకు పిచ్చి ఉండేదా? బళ్ళో అడుగుతున్నారు. నాకూ వస్తుందా?"

అల్లుతున్న పాయ నా చేతిలోనే ఆగిపోయింది. ఇన్నాళ్ళూ ఆ అబద్ధం బరువు నా ఒక్కదానిదే అనుకున్నాను. మోస్తే పోయేదేముందిలే అనుకున్నాను. ఇప్పుడు నా నోటితో నేనే చెప్పానంటే ఇక దానికి తిరుగుండదు, నా కూతురు కూడా దాన్ని మొయ్యాలి. వారమంతా కూరల్లో ఉప్పు మర్చిపోతూనే ఉన్నాను.

ఆదివారం హాలు నిండిపోయింది. అమ్మాయిని పక్కన పెట్టుకుని ఆఖరి వరసలో కూర్చున్నాను. అందరూ గంతలు కట్టుకున్నారు. స్పీకర్లో నా గొంతు వాళ్ళను గదిలోకి తీసుకెళ్ళి కుర్చీలో కూర్చోబెట్టింది. "ఇక్కడ మిమ్మల్ని ఎవరూ పిలవరు" అంది. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. ఫ్యాన్లు ఆగాయి, స్పీకరు ఆగింది.

ఆయన చప్పట్లు కొట్టారు. "సరే, అందరూ బయటికి వచ్చేయండి. రండి, రండి."

ఎవరూ రాలేదు. ముందు వరసలో ఒక పెద్దావిడ చేతులు గాల్లో తడుముతూ, "తలుపు కనబడటం లేదు, తలుపేది" అంటోంది. ఆమె పక్కనున్నతను ఊపిరాడనట్టు రొప్పుతున్నాడు. ఇంకెవరో వెక్కుతున్నారు. ఏడుపు ఒక వరసనుంచి ఇంకో వరసకు పాకింది. ఆయన వెళ్ళి పెద్దావిడ గంత లాగబోతే ఆమె చెయ్యి విదిలించింది. "నువ్వు కాదు నాయనా. ఇందాక మాట్లాడిన ఆ అమ్మాయేది? ఆ అమ్మాయిని పిలవండి."

ఆయన నా దగ్గరికి పరిగెత్తుకొచ్చారు. మొహాన చుక్క రక్తం లేదు. "చూస్తావేం, చెప్పు. నీ గొంతుతో చెప్పు."

ఒక్క క్షణం, పోనీ, ఈయనే పడతారులే అనిపించింది. కానీ అక్కడ చిక్కుకున్నది ఆయన కాదు, ఆ జనం. వాళ్ళను కూర్చోబెట్టింది నా గదిలో. లేచి ముందుకు నడిచాను.

"భయపడకండి, నేనిక్కడే ఉన్నాను" అన్నాను. "తలుపు మీ వెనకే ఉంది. తీసే ఉంది. తొందరేం లేదు, రావాలనిపించినప్పుడే లేవండి. ఆ గది ఎక్కడికీ పోదు, మీదే." ఊపిర్లు నెమ్మదించాయి. పెద్దావిడ చేతులు ఒళ్ళోకి దిగాయి. "ఇప్పుడు గంతలు విప్పండి."

విప్పారు. పెద్దావిడ నన్ను ఎగాదిగా చూసింది. "నువ్వేనా తల్లీ?"

ఈలోగా ఆయనకు నవ్వు తిరిగొచ్చింది. నా భుజం మీద చెయ్యేశారు. "మా ఆవిడే. నేను చెప్పే ఆ స్త్రీ కూడా ఈవిడే. ఎంత బాగుపడిందో చూశారుగా. చెప్పు, నీ జబ్బేమిటో నీ నోటితోనే చెప్పు."

హాలంతా నావైపే చూస్తోంది. ఆఖరి వరసలో మా అమ్మాయి కుర్చీ ఎక్కి నిలబడింది.

"నాకు ఏ జబ్బూ లేదు" అన్నాను, ఆ గది గొంతుతోనే. "ఆ రోజు నాకు జ్వరం. దాంతో కోపం వచ్చింది."

"అదా" అంది పెద్దావిడ, ఎవరికో పడిశం పట్టిందని విన్నట్టు.

నా భుజం మీద చెయ్యి ఎప్పుడు తీశారో నేను చూడలేదు. జనం ఒక్కొక్కరే వచ్చి గంతలు బుట్టలో వేసి వెళ్ళారు. కొందరు ఆడవాళ్ళు నా చెయ్యి పట్టుకుని వదిలారు. హాలు ఖాళీ అయ్యాక అమ్మాయి వచ్చి నా కొంగు పట్టుకుంది. నేను బుట్ట ఎత్తి ఆయన చేతుల్లో పెట్టాను.

"మెషిన్లో వేయకండి" అన్నాను. "నాడాలు చిక్కుపడతాయి."